మూల తిరగని రెక్క

మూల ఇల్లు,
జనవరి 9

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మొదటి పేజీలో నా మోకాళ్ళ గురించి అడిగారు. రెండో పేజీలో మీ మోకాళ్ళ గురించి చెప్పారు. మూడో పేజీ అంతా మన మనవరాలి పాలపళ్ళు. ఆఖరున, కాగితం అయిపోయి అంచు మీదికి ఎక్కిన రెండు వరుసల్లో, "మా అబ్బాయికి మీ ఇంటి విషయంలో ఒక చిన్న మనవి ఉంది, మీరు పెద్దమనసు చేసుకోవాలి" అని ముగించారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పదో తరగతి సైన్సు పేపర్లు దిద్దినదాన్ని. జవాబు తెలియనివాడు అంచుల మీదికి ఎక్కుతాడు. తెలిసి చెప్పడానికి భయపడేవాడూ ఎక్కుతాడు. మీరు రెండో రకం అనుకుంటున్నాను.

ఏమిటా మనవి?

నాకు తెలిసినంత చెబుతాను, తప్పయితే దిద్దండి. మీ అబ్బాయి, అంటే నా అల్లుడు, మా ఊరి వెనక కొండ మీద గాలిమరలు నిలబెట్టే కంపెనీలో ఇంజనీరు. ఓడలో దిగిన సామాను రేవు నుంచి కొండ మీదికి చేర్చే పూచీ అతనిది. ఇంతవరకు సంతోషమే. పోయిన మంగళవారం అతను మా నాలుగురోడ్ల కూడలిలో కారు దిగాడు. వెంట ఇద్దరు మనుషులు, ఒక టేపు, మూడుకాళ్ళ స్టాండు మీద ఒక దుర్బిణి. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. మా ప్రహరీ కొలిచాడు. నా గది గోడ కొలిచాడు. దుర్బిణిలోంచి చూస్తే కిటికీతోపాటు నేనూ కొలతలోకి వచ్చే ఉంటాను. తరవాత కారెక్కి వెళ్ళిపోయాడు. "అత్తయ్యా, బాగున్నారా" అన్న మాట లేదు. నాకూ అతనికీ మధ్య ఉన్నది ఒక్క కిటికీ చువ్వలే.

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. దానానికి ముందు కొలతలు కూడా తీసుకుంటారని ఇప్పుడే తెలిసింది.

ఇల్లు కావాలంటే కావాలని రాయండి. ఎలాగూ అమ్మాయికి వచ్చేదే. కాని మనిషి లోపల కూర్చుని ఉండగా బయట టేపు పట్టుకుని తిరగడం ఏం మర్యాద?

ఫోను చేయకండి. ఫోనులో నాకు మీ గొంతు సగం, మీ టీవీ సగం వినిపిస్తాయి. పోయినసారి అన్నయ్యగారికి ఆపరేషన్ అనుకుని అన్నం మానేశాను. తీరా చూస్తే సీరియల్లో ఎవరికో.

మీ వియ్యపురాలు

*

రేవు ఊరు, రెండో అంతస్తు
జనవరి 15

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మావారు "మీ వదినగారి కలానికి సాన పట్టించే పనే లేదు" అన్నారు. నేను మాత్రం నవ్వుకున్నాను. తిట్టింది నన్నే అయినా తిట్టు బాగుంటే నవ్వు వస్తుంది కదా.

అయ్యో వదినా, ఇల్లంతా ఎవరడిగారు? ఒక్క మూలే. ఎలా మొదలుపెట్టాలో తెలియక అంచుల మీదికి ఎక్కాను, నిజమే. గాలిమర రెక్క ఒక్కోటి అరవై మీటర్ల పైమాటట. మొన్న మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. మనవరాలు బాల్కనీలోంచి చూసి "నానమ్మా, విమానం రెక్క ఊడిపోయింది, వాళ్ళు చూసుకోలేదు" అని ఒకటే గోల. దాన్ని ముక్కలు చేసి తేవడం కుదరదట, ఒకే పోత. పెద్ద రోడ్డు మీద సాఫీగా వస్తుంది. మీ కూడలిలో మలుపు తిరిగేటప్పుడు మాత్రం తోక బయటికి విసురుతుందట. ఎదురు మూల ఆసుపత్రి, దాన్ని కదపలేరు. ఇటు మూల మీ ముందుగది. ఇంకో దారిలో పాత వంతెన ఉంది, ఆ బరువు మోయదు. రెక్కను పైకెత్తి నిలబెట్టి తీసుకెళ్ళే బండి ఒకటి ఉందట గాని, దొరకడమే కష్టం. ఈ ఏడాదంతా అది వేరేచోట పనిలో ఉంది.

అందుకని ముందుగది తీసేసి, రెక్కలు వెళ్ళాక కంపెనీవాళ్ళే చక్కగా మళ్ళీ కట్టిస్తారు. కొత్త గచ్చు, కొత్త రంగు. ఇప్పటికంటే బాగుంటుంది, చూడండి.

అసలు ఆ ఇంట్లో మీరొక్కరే ఎందుకు? మా దగ్గరికి వచ్చేయండి. లిఫ్టు ఉంది, మోకాళ్ళకి సుఖం.

మావాడు మీ ముందు నోరు విప్పలేడు. మీరంటే వాడికి అంత గౌరవం. పోనీ అమ్మాయి చేత అడిగిద్దామంటే, "మా అమ్మతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు, మీరే రాయండి అత్తయ్యా" అని ఆఫీసుకి వెళ్ళిపోయింది. అందరూ కలిసి నన్ను ముందుకి తోశారు. మీరు వెనక్కి తోయకండి.

మీ వదిన

*

మూల ఇల్లు,
జనవరి 22

వదినగారికి,

ఇప్పుడు బోధపడింది. ఈ నాలుగు మాటలూ మొదటి ఉత్తరంలో రాసి ఉంటే పాలపళ్ళకి చోటు చాలకపోయినా, నాకు తలనొప్పి తప్పేది.

ఆ ముందుగది గురించి మీకు తెలియనిది రాస్తాను. మోకాళ్ళు మొరాయించాక నేను ఉండేది అందులోనే. ఒక మంచం, ఒక బీరువా, ఒక కిటికీ. కిటికీ గట్టు మీద మోచెయ్యి ఆనిస్తే నాలుగు రోడ్లూ నా ముందుకి వస్తాయి. నేను వాటి మీదికి వెళ్ళలేను కాబట్టి అవి రావడమే న్యాయం. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు దారి నన్నే అడుగుతారు. మందుల షాపు అమ్మాయి డాక్టరు రాత అర్థం కాకపోతే చీటీ పట్టుకుని రోడ్డు దాటి వస్తుంది. నెత్తి నెరిసిన నా పాత విద్యార్థులు స్కూటరాపి, "టీచరుగారూ, ఇంకా ఉన్నారా" అని పలకరిస్తారు. ఆ ప్రశ్న సభ్యంగా ఎలా అడగాలో నేను నేర్పలేదు, నా తప్పే. ఈ కిటికీ ఒక్కటి మూసేస్తే నేను ఊళ్ళో ఉన్నానన్న సంగతి ఊరికే కాదు, నాకూ తెలియదు.

ఇక గాలిమరల గొప్ప నాకు చెప్పించకండి. గాలితో కరెంటు పుడుతుందని ఈ ఊరి పిల్లలకి మొదట చెప్పినదాన్ని నేను. అప్పుడు వచ్చిన ఇన్‌స్పెక్టరు "ఇది సిలబస్‌లో లేదు కదమ్మా" అన్నాడు. పగలంతా ఎండ నుంచి కరెంటు తీస్తున్నారు, సంతోషం. దేశమంతా ఇళ్ళకు చేరి దీపాలు వేసుకునే వేళకి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. అప్పుడు మళ్ళీ బొగ్గు కాల్చాలి. సరిగ్గా ఆ వేళకే మా కొండ మీద గాలి లేస్తుంది. డాబా మీద బట్టలు ఆరేసే ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది, దానికి దుర్బిణి అక్కర్లేదు. కాబట్టి మరలు రావాలి. ఆ విషయంలో నాకూ మీ అబ్బాయికీ తగాదా లేదు.

తగాదా ఒక్కటే. గది ఇస్తానో ఇవ్వనో తరవాత మాట. ముందు అతను రావాలి, నా ఎదుట కూర్చోవాలి, ఇది కావాలని నోటితో అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అత్తని.

మీ దగ్గరికి రమ్మన్నందుకు కృతజ్ఞురాలిని. గది కూలగొట్టడానికి, గదిలో మనిషిని తరలించడానికి ఒక్క ఉత్తరంతోనే సరిపెట్టారు. తపాలా ఖర్చు కలిసొచ్చింది.

మీ వియ్యపురాలు

*

రేవు ఊరు
ఫిబ్రవరి 3

ప్రియమైన వదినగారికి,

మీ రుణం ఎలా తీర్చుకోవాలి? పైకి కరుకు గాని లోపల వెన్న అని మావారితో ఎప్పుడూ అంటూనే ఉంటాను.

మావాడు నిన్న ఇంటికి వచ్చి "అత్తయ్య దగ్గరికి వెళ్ళొచ్చాను" అన్నాడు. "ఏమన్నారురా" అంటే "కాదనలేదమ్మా" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వాడు ఇంకా ఏదో చెప్పబోతున్నాడు, నేను వింటేనా? ఆ గది పని ఒప్పుకున్న కాంట్రాక్టరుగారు మా కింది వాటాలోనే ఉంటారు. చెప్పుల్లేకుండానే దిగి వెళ్ళి చెప్పేశాను. సోమవారం మనుషుల్ని పంపిస్తామన్నారు. గోడలకి ఏ రంగు వేయమంటారని అడిగారు. లేతాకుపచ్చ వేయమన్నాను వదినా, కళ్ళకి చలవ. మీ తరఫున నేనే చెప్పేసినందుకు ఏమనుకోకండి.

లిఫ్టు మాట మీరు మరోలా తీసుకున్నారు. మా ఉద్దేశం అది కాదు. మనవరాలికి ముందు పన్ను వచ్చింది, కొంచెం వంకర.

మీ వదిన

*

మూల ఇల్లు,
ఫిబ్రవరి 11

వదినగారికి,

కాదనలేదు, నిజమే. అడగనిదాన్ని కాదనడం నాకు చేతకాదు.

ఆ రోజు ఏం జరిగిందో వినండి. మీ అబ్బాయి వచ్చాడు. కుర్చీ ఉన్నది వెనక్కి ఆనుకోవడానికని తెలియనివాడిలా అంచున కూర్చున్నాడు. టీ తాగాడు. "గాలి బాగా వస్తోందండీ" అన్నాడు. "మీ వ్యాపారానికి మంచిదేగా" అన్నాను. ఆ ముక్కతో సంభాషణ అడుగంటింది. ఫ్యాను కిర్రుమంటోందని స్టూలెక్కి బిగించాడు. తరవాత కిటికీ చువ్వలు పట్టుకుని చాలాసేపు రోడ్డు కేసి చూశాడు. నేను పుస్తకం మూశాను. కళ్ళజోడు తీశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అడగడానికి ఇంతకంటే అనువుగా ఏ అత్తా కూర్చోదు. "వస్తానండీ" అన్నాడు. వెళ్ళాడు. ఫ్యాను మాత్రం ఇప్పుడు చప్పుడు చేయడం లేదు.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ, నలుగురు మనుషులు, గునపాలు దిగాయి. మేస్త్రీ కిటికీలోంచి తల పెట్టాడు.

"మామ్మగారూ, మంచం ఎటు మార్చమంటారు?"

"ఉన్నచోటే ఉండనీ."

"గోడ పడుద్దండీ."

"ఎవరు పడేస్తారు?"

"మేమేనండీ."

"నీకు ఎవరు చెప్పారు?"

"కాంట్రాక్టరుగారండీ."

"ఆయనకో?"

"ఎవరో అమ్మగారు వచ్చి చెప్పారంటండీ. మీరు ఒప్పేసుకున్నారని, లేతాకుపచ్చ అయితే మీకు ప్రాణమని."

"ఆ అమ్మగారికి నేను వదినని. నేను ఒప్పుకోలేదు. ఆకుపచ్చ నాకు గిట్టదు. గోడ కొట్టదలుచుకుంటే నన్ను లోపల ఉంచే కొట్టు."

మేస్త్రీ గునపం గోడకి చేరేసి, మంచినీళ్ళు అడిగి తాగాడు. "మా ఇంట్లోనూ ఇదే వరసండి. మా అత్త ఒకటి చెబితే మా అమ్మ దానికి రెండు కలిపి ఊరంతా చెప్తది" అన్నాడు. పోతూ పోతూ, మళ్ళీ వచ్చినప్పుడు ఇల్లు గుర్తుపట్టడానికట, గోడ మీద ఎర్ర రంగుతో అడ్డంగా గుణకారం గుర్తు వేశాడు. జీవితంలో ఎన్ని పేపర్ల మీద వేశానో ఆ గుర్తు. నా మీద వేయించినవారు మీరు.

ఇప్పుడు ఊరి చివర రోడ్డు పక్కన రెక్కల బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లకి పని లేదు. రోజూ కిటికీ దగ్గరికి వస్తున్నారు. "మామ్మా, మీరు ఊ అంటే మేము కదుల్తాం" అన్నాడొకడు. "ఊ కొట్టాలంటే ముందు ఎవరైనా కథ చెప్పాలి కదా నాయనా" అన్నాను. ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా మందుల షాపులో "టీచరుగారి గది అడ్డమొచ్చింది" అని నవ్వుకుంటున్నారట. ఉన్న కరెంటు పోవడానికి రాని మరలతో సంబంధమేమిటని ఒక్కరికీ తోచలేదు. నా దగ్గర చదివినవాళ్ళే అందరూ.

ఇకమీదట నా తరఫున మీరు రంగులు ఎంచకండి, మాటలూ చెప్పకండి.

మీ వియ్యపురాలు

*

రేవు ఊరు
ఫిబ్రవరి 16

వదినగారికి,

ఈసారి మోకాళ్ళ గురించి రాయను.

గాలికాలం మొదలయ్యేలోగా ఆ మరలు తిరగకపోతే ఈ ఏడాది గాలంతా వృథా. దేశపు కరెంటు లైనులో మీ కొండకి కేటాయించిన వంతు ఇంకో కొండకి ఇచ్చేస్తారట. మావాడిని ఈ పని నుంచి తప్పిస్తారు. వాడు అన్నం ముందు కూర్చుని గోడ కేసి చూస్తున్నాడు. మీ గోడే అయి ఉంటుంది.

వాడు ఎందుకు అడగడని మీరు అడుగుతున్నారు. నేను చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట మీ అమ్మాయిని చేసుకుంటానని అడగడానికి వచ్చాడు. ఆ గదిలోకే వచ్చాడు. చుట్టూ మీవాళ్ళు, మావాళ్ళు. వాడు నోరు తెరిచేలోగా మీరు "ఎలక్ట్రికల్ ఇంజనీరువి కదా బాబూ, వోల్టేజి అంటే ఏమిటో పదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చెప్పు" అన్నారు. వాడు కంగారులో వోల్టేజికి బదులు కరెంటు గురించి చెప్పాడు. మీరు కళ్ళజోడు సవరించుకుని "తరవాత ఎవరు?" అన్నారు. పెళ్ళికొడుకు ఎదురుగా కూర్చుని ఉండగా, వదినా, "తరవాత ఎవరు?" అన్నారు. అందరూ నవ్వారు. మీ అమ్మాయి కూడా నవ్వింది. పెళ్ళి జరిగింది సరే. ఆ రోజు మూసిన నోరు మీ ముందు వాడు మళ్ళీ తెరవలేదు. మీరు దాన్ని పొగరు అనుకుంటున్నారు. నేను గౌరవం అని సర్దిచెబుతూ వచ్చాను. రెండూ కాదు.

ఇప్పుడు మళ్ళీ అదే గదిలో, అదే కళ్ళజోడు ముందు కూర్చుని అడగమంటున్నారు.

ఇంతకంటే నాకు రాయడం చేతకాదు.

మీ అల్లుడి తల్లి

*

మూల ఇల్లు,
ఫిబ్రవరి 21

వదినగారికి,

మీరు రాసిన ఉత్తరాల్లో ఇదొక్కటే ఉత్తరం. ఇలా రాయగలిగినవారు ఇన్నాళ్ళూ పాలపళ్ళ చాటున ఎందుకు దాక్కున్నారు?

జవాబు తప్పే. ఇప్పుడడిగినా తప్పే అంటాను. తోసేది వోల్టేజి, పారేది కరెంటు. అయితే ఆ తప్పు చూసి నేను పిల్లనివ్వనన్నానా? ఆ "తరవాత" ఎవరూ లేరని అందరికంటే నాకే బాగా తెలుసు. అమ్మాయి ముందే చెప్పింది, ఇతన్ని తప్ప చేసుకోనని. హాస్యమాడాను. హాస్యాన్ని తొమ్మిదేళ్ళు మోస్తాడని తెలిస్తే కాస్త తేలికపాటిది ఎంచుకునేదాన్ని.

ఈసారి ప్రశ్నలుండవని చెప్పండి. కళ్ళజోడు కావాలంటే బీరువాలో పెడతాను. కాని వచ్చి అడగాలి. ఆ ఒక్క మెట్టూ నేను దిగను. గది నాది. మీ చేత, కాంట్రాక్టరు చేత, మేస్త్రీ చేత, చివరికి ఎర్ర రంగు చేత కూడా చెప్పించారు. ఇవ్వాల్సింది నేను, అడగాల్సింది అతను. ఇంత చిన్న లెక్కలో ఇంతమంది మధ్యవర్తులేమిటి?

ఇంకొకటి. కొత్తగా కట్టే గదికి కిటికీ ఎటువైపు అని మేస్త్రీని అడిగాను. "ప్లాను చూడాలండీ" అని బూట్ల కేసి చూసుకున్నాడు. మీకేమైనా తెలుసా?

మీ వియ్యపురాలు

*

మూల ఇల్లు,
మార్చి 2

వదినగారికి,

మీరు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో నిన్న తెలిసింది.

నిన్న సాయంత్రం అతను వచ్చాడు. లోపలికి రాలేదు. రోడ్డు మీదే, కిటికీకి అవతల నిలబడ్డాడు. మందుల షాపు మెట్ల మీద డ్రైవర్లు కూర్చుని చూస్తున్నారు.

"లోపలికి రా బాబూ" అన్నాను.

"వద్దండీ. లోపలికి వస్తే మళ్ళీ ఏ ఫ్యానో బిగించి వెళ్ళిపోతాను. ఇక్కణ్ణుంచే అడుగుతాను."

"సరే, అడుగు."

"ఈ గది నాకు కావాలి అత్తయ్యా."

"మళ్ళీ కట్టిస్తారటగా, ఇంతకంటే బాగా?"

"కట్టిస్తాం. కాని ఇక్కడ కాదండీ. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రెక్క పాడవుతుంది. కొత్తది మళ్ళీ ఈ మలుపే తిరగాలి. అందుకని ఈ మూల ఎప్పటికీ ఖాళీగానే ఉండాలి. కొత్త గది వెనక పెరట్లో వస్తుంది."

"రోడ్డు వైపు మిగిలే గోడకి కిటికీ పెట్టొచ్చుగా?"

"ఇంటి కప్పు బరువంతా ఆ గోడ మీదే ఉందండీ. కన్నం పెడితే నిలవదు. నాలుగు రకాలుగా లెక్కలు వేశాను."

"పెరటి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?"

"పక్కింటి గోడండీ."

"ఇదంతా మీ అమ్మ రాయలేదే."

అతని మొహం చూడాల్సింది. "రాయమన్నానండీ. మొదటి ఉత్తరంలోనే రాయమన్నాను. రాసిందనుకున్నాను. ఆ రోజు కూర్చున్నప్పుడు, మీరు అన్నీ తెలిసి కూడా టీ ఇస్తున్నారే అని నాకు నోరు రాలేదు" అన్నాడు.

విన్నారా వదినా? కొత్త గచ్చు రాశారు, కొత్త రంగు రాశారు. కిటికీ మింగేశారు. చెబితే ఇవ్వనని భయపడ్డారు. మీ అబ్బాయి చెబితేనే ఇచ్చాను. ఈ రెండు నెలల్లో నాకు నచ్చని మాట నా మొహం మీద చెప్పిన మనిషి అతనొక్కడే. మిగిలినవాళ్ళంతా నన్ను జోకొట్టాలని చూశారు.

తీసుకోమన్నాను. అతను తల ఊపి, వెళ్ళబోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "వోల్టేజి అంటే తోపుడండీ. నాకు అప్పుడూ తెలుసు" అన్నాడు. డ్రైవర్లు ఎందుకో చప్పట్లు కొట్టారు.

మంచం, బీరువా ఎల్లుండి వంటింట్లోకి మారుతున్నాయి. మేస్త్రీ మీ లేతాకుపచ్చ డబ్బా ఇంకా మోసుకు తిరుగుతున్నాడు. పంపిస్తాను, మీ బాల్కనీకి వేసుకోండి.

మీ మీద కోపం పోలేదు. పోయినప్పుడు రాస్తాను.

మీ వియ్యపురాలు

*

రేవు ఊరు
జూన్ 8

వదినగారికి నమస్కారాలు.

కోపం పోతే రాస్తానన్నారు. మూడు నెలలు చూశాను. ఇక లాభంలేదని నేనే రాస్తున్నాను.

కిటికీ సంగతి దాచాను, ఒప్పుకుంటాను. పెద్దవారు, బాధపడతారని దాచాను. కొంత నా కొడుకు కోసం దాచాను. ఏది ఎంత అని అడగకండి, నాకే తెలియదు.

మావాడు ఇప్పుడు నాకు ఏమీ చెప్పడంలేదు. మరలు తిరుగుతున్నాయా అంటే "అత్తయ్యకి రాశాను" అంటాడు. మీరెలా ఉన్నారంటే "అత్తయ్యనే అడుగు" అంటాడు. వారం వారం మీకు ఉత్తరాలు రాస్తున్నాడని అమ్మాయి చెబితే తెలిసింది. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా నాకు నాలుగు వరుసలు రాసినవాడు కాదు. ఇద్దరి మధ్యా రాయబారం నడిపి నడిపి, ఇప్పుడు నేను గుమ్మం బయట నిలబడ్డాను.

నిన్న కింది వాటా కాంట్రాక్టరుగారు కంగారుగా పైకి వచ్చారు. ఆ మూల ఖాళీగా ఉంచాలన్న షరతు మీరు పాటించడం లేదని కంపెనీ ఆఫీసువాళ్ళు అంటున్నారట. మావాడిని అడిగితే నవ్వుతున్నాడు. ఏం కట్టారు వదినా అక్కడ? అన్నీ సర్దుకున్నాయనుకుంటే మళ్ళీ ఇదేమిటి?

మీ వదిన

*

మూల ఇల్లు,
జూన్ 14

వదినా,

ఏమీ కట్టలేదు. కూర్చుంటున్నాను.

మొదటి నుంచి చెబుతాను, లేకపోతే మీరు మళ్ళీ కింది వాటాకి పరిగెత్తుతారు. గది రెండు పూటల్లో నేలమట్టమైంది. కట్టడానికి మా మామగారికి ఒక వేసవి పట్టిందట. మూడోనాడు రెక్క వచ్చింది. ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆసుపత్రిలో నడవగలిగిన రోగులు కూడా వచ్చారు. అంత పొడుగుది ఏమాత్రం చప్పుడు లేకుండా, నా మంచం ఉన్న చోటు మీదుగా, నా బీరువా ఉన్న చోటు మీదుగా తోక విసురుకుంటూ వెళ్ళింది. మిగిలిన గోడకి జానెడు ఎడం. అల్లుడు పక్కనే నడుస్తున్నాడు, చెయ్యి చాచి, తగిలితే చేత్తోనే ఆపేసేవాడిలా. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎవరితోనూ చెప్పలేదు.

మరలు తిరుగుతున్నాయి. మొన్న సాయంత్రం గాలి విపరీతంగా వీచింది. చూస్తే సగం మరలు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇందుకా నేను గది ఇచ్చింది అని అల్లుడికి రాశాను. "లైను నిండిపోయింది అత్తయ్యా. అక్కడ పుట్టే కరెంటంతా మోయడానికి దేశంలో ఇంకా లైన్లు చాలవు. ఆపమని పైనుంచి చెప్పారు, ఆపాం" అని జవాబు. ఇంత దూరం, ఇంత ఖర్చు, ఇంత గాలి, చివరికి మళ్ళీ ఇరుకు మలుపే. కొత్త లైనుకి ఎవరి గది అడ్డమొచ్చిందో కనుక్కో, మీ అమ్మ చేత ఉత్తరం రాయించకు, వెళ్ళి మొహం మీదే అడుగు అని రాశాను.

ఇక నా సంగతి. పెరటి గది బాగానే ఉంది. గచ్చు నున్నగా ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. దానికి పైనుంచి కిందికి ఒక బీట ఉంది. ఒక నెలంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను, వదినా. ఎవరూ దారి అడగలేదు. మందుల షాపు అమ్మాయి ఒకసారి చుట్టూ తిరిగి వచ్చింది, రెండోసారి రాలేదు. షాపు వదిలి ఎంతదూరం రాగలదు? నేను ఇచ్చింది ఎంతో అప్పుడు తెలిసింది. ఇచ్చినందుకు విచారం లేదు. పోయినది పోలేదని మాత్రం ఎవరూ నాతో అనకండి.

ఒకరోజు సాయంత్రం కర్ర పట్టుకుని, పక్కవీధి గుమ్మంలోంచి మూల దాకా నడిచాను. ఎంతసేపు పట్టిందో అడగొద్దు. మందుల షాపు అమ్మాయి చూసి కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాను. నాలుగు రోడ్లూ వచ్చాయి. ఎండా వానా లేని పూటల్లో ఇప్పుడు రోజూ అక్కడే. కిటికీ ఉన్నప్పుడు జనం చువ్వల అవతల ఉండేవారు. ఇప్పుడు మీద పడి మాట్లాడుతున్నారు. నిన్న ఒకడు "టీచరుగారూ, బయటికి వదిలారా" అన్నాడు. పదో తరగతిలో కూడా వాడింతే.

మీ కాంట్రాక్టరు చెప్పింది నిజమే, కంపెనీ ఆఫీసు నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. కాగితం ఒకటి తెచ్చాడు.

"ఈ స్థలం ఖాళీగా ఉండాలండీ" అన్నాడు.

"ఖాళీగానే ఉందిగా."

"మీరున్నారు కదండీ."

"ఇక్కడ ఉండకూడనిది గోడ. అది తనంతట తను లేచి పక్కకి వెళ్ళలేదు కాబట్టి కొట్టేశాం. నేను లేవగలను. కాస్త ముందు చెప్పాలి, అంతే."

అతను కాగితం తిరగేసి చూశాడు. మనుషుల గురించి అందులో ఏమీ లేదట. ఇంజనీరుగారిని అడిగి వస్తానన్నాడు. అడిగాడు. మీ అబ్బాయి చెప్పిన జవాబు ఇది: "ఆవిడ్ని లేపాలంటే మీరే వెళ్ళి అడగండి. నావల్ల కాదు."

గుమాస్తా మళ్ళీ రాలేదు. వస్తే మర్యాదగానే చెబుతాను. ఇంకో రెక్క మీ రేవులో బయల్దేరిన రోజున మీరే కబురు పెట్టండి, లేస్తాను.

వదిన